నిర్మాణ సంస్థలో కొత్త ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్: సైటు వాళ్లూ హెడ్డాఫీసు వాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లానింగ్, బిల్లింగ్ పనుల్లో పంతొమ్మిదేళ్లు గడిపాను. అందులో చివరి ఆరేళ్లు హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి సైట్లకు కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకెళ్లి నిలబెట్టడమే నా పని. కొన్నిచోట్ల నిలబడింది, కొన్నిచోట్ల ఆరు నెలల్లో ఎవరూ తెరవని స్థితికి వచ్చింది. రెండుచోట్లా అడిగిన ప్రశ్నలు దాదాపు ఇవే. పెద్ద కాంట్రాక్టు సంస్థల్లో, ఇంజనీరింగ్ కంపెనీల్లో ఈ బాధ్యత మీద పడినవాళ్ల కోసం రాస్తున్నాను.

ఎస్‌ఏపీ ఉంది, ప్రైమావెరా ఉంది, ఎక్సెల్ ఎలాగూ ఉంది. మళ్లీ ఇంకొకటి ఎందుకు?

వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. ప్రైమావెరా అంటే ప్రాజెక్టు షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసిన కంపెనీ 1983లో మొదలైంది, 2008లో ఒరాకిల్ చేతికి వచ్చింది. పెద్ద టెండర్లలో షెడ్యూలు ప్రైమావెరా పీ6లోనే ఇవ్వాలన్న షరతు ఇవాళ మామూలే. కానీ దాని ముందు కూర్చునేది ప్లానింగ్ ఇంజనీరు ఒక్కరే. సంస్థ లెక్కలన్నీ ఒకచోట నడిపే ఎస్‌ఏపీ లాంటి ఈఆర్‌పీకి డబ్బు లెక్క తెలుసు: ఇండెంట్ (సరుకు కావాలన్న కోరిక), పీఓ (కొనుగోలు ఆర్డరు), జీఆర్‌ఎన్ (సరుకు అందిన రసీదు), బిల్లు. అదీ పని జరిగిపోయాక.

ఈ రెండింటి నడుమ సైటులో ఒక రోజు గడుస్తుంది. నిన్న ఏ స్లాబు పోశారు, ఏ రివిజన్ డ్రాయింగు ప్రకారం కట్టారు, పోసేముందు స్టీల్ ఎవరు చూశారు, సెంట్రింగ్ వాళ్లు ఎంతమంది వచ్చారు, కాంక్రీట్ తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ గేటు దగ్గర ఎంతసేపు ఆగింది? ఇదంతా చేతి పుస్తకాల్లో, షీట్లలో, ఫోన్లలో చెల్లాచెదురుగా ఉంటుంది. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కావలసింది ఆ రోజును ఒకచోట పెట్టడానికి. మీ సంస్థకు ఆ అవసరం లేదనిపిస్తే కొనకండి.

వాట్సాప్ గ్రూపుతో పని చక్కగా జరుగుతోంది కదా?

జరుగుతోంది, ఆ మాట నిజమే. ఫొటో తీసి అయిదు సెకన్లలో అందరికీ పంపే వీలు ఉన్నప్పుడు ఎవరైనా దాన్నే వాడతారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అదే ఫొటో పెట్టడానికి నాలుగు తెరలు దాటాల్సి వస్తే జనం వాట్సాప్‌కే తిరిగి వెళ్తారు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందో నా కళ్లతో చూసింది చెబుతాను. ఒక ఆస్పత్రి భవనం పని. రెండో బేస్‌మెంట్ నుంచి లేచే కాలమ్‌లకు 16 ఎంఎం రాడ్లు 20 ఎంఎంకు మారాయి. కొత్త డ్రాయింగు మధ్యాహ్నం గ్రూపులో పడింది. సాయంత్రానికి దాని మీద గేటు పాసులు, కంకర లారీల నంబర్లు, ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు పేరుకున్నాయి. రాత్రి షిఫ్టు ఇంజనీరు చేతిలో ఉన్నది అంతకుముందు తీసిన ప్రింటు. దాని ప్రకారమే కట్టించారు. డీ స్క్వేర్ బై 162 (ఎంఎంలలో రాడ్డు వ్యాసం వర్గాన్ని 162తో భాగించడం) లెక్కన 16 ఎంఎం రాడ్డు మీటరుకు 1.58 కిలోలు, 20 ఎంఎం 2.47 కిలోలు, తేడా చిన్నదేమీ కాదు. తెల్లారి కన్సల్టెంటు వచ్చి వ్యాసం కొలిచే వెర్నియర్ పెట్టి చూశాక తొమ్మిది కాలమ్‌ల స్టీల్ విప్పించారు. రాడ్ బెండర్ల ముఠాకు రెండోసారి కట్టిన కూలి ఎవరివ్వాలన్న పేచీ మూడు నెలలు నడిచింది. అక్కడ నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. పాత డ్రాయింగు రద్దయిందని చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

ఇంకొకటి, క్లెయిముల సంగతి. రెండేళ్ల తర్వాత ఆలస్యం ఎవరివల్ల జరిగిందన్న వాదన వచ్చినప్పుడు ఆ ఫొటోలు తీసిన ఇంజనీరు వేరే కంపెనీలో ఉంటారు, ఫోను మారిపోయి ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దానితో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. కోర్టు బయట మధ్యవర్తి ముందు జరిగే ఆర్బిట్రేషన్‌ను సాక్ష్యాల చట్టం నేరుగా కట్టడి చేయకపోయినా, ఈ రికార్డు ఎప్పుడు పుట్టింది, ఎవరి అధీనంలో ఉంది అన్న ప్రశ్న అక్కడా తప్పదు.

ఏది కొనమంటారు?

పేరు చెప్పను, ఎందుకంటే మీ పని ఏమిటో నాకు తెలియదు. ప్రోకోర్ ఉంది, ఆటోడెస్క్ వాళ్లది ఉంది, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన ఇంజనీర్లలో చాలామందికి చెయ్యి తిరిగిన అకోనెక్స్ ఉంది, మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. హోటల్ హాల్లో చూపించే డెమో చూసి మాత్రం నిర్ణయించకండి. అమ్మేవాళ్లను సైటుకు రమ్మనండి. సిగ్నల్ అందని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి మూడు పనులు చేసి చూపించమనండి: ఒక స్లాబు పోర్ కార్డు (కాంక్రీట్ పోసేముందు చేసిన తనిఖీలు, పోసిన వివరాలు రాసే పత్రం) మొదటి నుంచి చివరి దాకా, ఒక సిమెంటు లోడు గేటు నుంచి స్టోర్ దాకా, ఒక పెట్టీ కాంట్రాక్టరు (మన కింద చిన్న పనులు చేసేవారు) ఆర్‌ఏ బిల్లు (పని నడుస్తుండగా ఎప్పటికప్పుడు పెట్టే బిల్లు) కొలత నుంచి కోతల దాకా. రెండు రోజులు పట్టినా ఫరవాలేదు. నేను చూసినంతలో మూడో పని దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు.

విదేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్ మన పద్ధతికి సరిపోతుందా?

చాలావరకు సరిపోతుంది. సరిపోనిచోట మాత్రం గట్టిగా తగులుతుంది. అన్నిటికంటే ఎక్కువ అయోమయం తెచ్చే మాట ఆర్‌ఎఫ్‌ఐ. మన సైటులో ఆర్‌ఎఫ్‌ఐ అంటే ఇన్‌స్పెక్షన్ కోసం పెట్టుకునే రిక్వెస్ట్: స్టీల్ కట్టాం, వచ్చి చూడండి, రేపు పోస్తాం అని. అమెరికా సాఫ్ట్‌వేర్‌లో అవే మూడక్షరాలకు డ్రాయింగులో సందేహం ఉంది, వివరణ ఇవ్వండి అని అర్థం. ఒక సైటులో మావాళ్లు పోర్ రిక్వెస్టులన్నీ ఆ పేరు చూసి అందులోనే పెట్టారు. అవన్నీ డిజైన్ ఆఫీసుకు సందేహాలుగా వెళ్లి కూర్చున్నాయి. డిజైన్ వాళ్లు ఇందులో ప్రశ్న ఏదీ అని అడుగుతుంటే, ఇక్కడ కాంక్రీట్ ఆర్డరు ఇచ్చి క్లయింటు ఇంజనీరు కోసం ఎదురుచూస్తున్నారు. మొదటి వారంలోనే తెర మీది పేర్లను మీ సైటు పేర్లలోకి మార్పించుకోండి. పంచ్ లిస్టును (సరిదిద్దాల్సిన లోపాల జాబితా) స్నాగ్ లిస్టు అని, చేంజ్ ఆర్డరును (ఒప్పుకున్న పనిలో మార్పు) వేరియేషన్ అని.

రెండోది కొలతలు. మన బిల్లు కొలతల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1200 ప్రకారం నడుస్తుంది. ప్లాస్టరింగ్‌లో 0.5 చదరపు మీటరు దాటని ఓపెనింగుకు (తలుపు, కిటికీ లాంటి ఖాళీకి) కోత లేదు. ఆ పైన 3 చదరపు మీటర్ల దాకా ఒక ముఖానికే కోత. అదీ దాటితే రెండు ముఖాలకూ కోసి, జాంబులు (ఓపెనింగు లోపలి పక్కలు) కలుపుతారు. భవనం 3డీ మోడల్ నుంచి నికర వైశాల్యం లాగి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పకపోతే బిల్లింగ్ ఇంజనీరు పక్కన ఎక్సెల్ తెరుస్తారు, అక్కడి నుంచి ఆ ఎక్సెలే అసలు బిల్లవుతుంది.

తేదీలో నెల ముందు రావడం, లక్షలు కోట్ల దగ్గర కామాలు పడకపోవడం లాంటివి చిన్నవిగా కనిపిస్తాయి కానీ సరిచేయించండి. రాత్రి పది గంటలకు మొదలై తెల్లవారుజామున మూడింటికి ముగిసే కాంక్రీట్ ఏ తేదీకి చెందుతుందో కూడా ముందే తేల్చుకోవాలి. కాంక్రీట్ బలం చూసే క్యూబు పరీక్షకు రోజుల లెక్క దాన్ని బట్టే.

సైటు వాళ్లు డేటా ఎక్కించరు. ఏం చేయాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇది. మొత్తం వ్యవహారం తేలేదీ ఇక్కడే.

సైటు ఇంజనీరు రోజు ఎలా ఉంటుందో ఒకసారి పక్కన నిలబడి చూడండి. పొద్దున ఆరున్నరకు టూల్‌బాక్స్ టాక్ (పనికి ముందు భద్రత గురించి చెప్పే మాటలు). ఏడున్నరకు మేస్త్రీలకు పనులు పంచడం. ఎండ ముదిరేలోపు లెవెల్స్ తీయించాలి. మధ్యలో క్లయింటు మనిషి వస్తే వెంట తిరగాలి. రాత్రి ఎనిమిదిన్నరకు కంటెయినర్ ఆఫీసులోకి వచ్చి బూట్లు విప్పి డీపీఆర్ (రోజువారీ పురోగతి నివేదిక) మొదలుపెడతారు. అదయ్యాక లేబర్ రిపోర్టు, కాంక్రీట్ రిజిస్టరు, రేపటి ఇండెంట్. అప్పటికే అదే స్లాబు, అదే 46 క్యూబిక్ మీటర్లు నాలుగుచోట్ల రాసి ఉంటారు. ఇప్పుడు మనం వెళ్లి అయిదోచోట కూడా రాయమంటాం. గోరుచుట్టు మీద రోకటిపోటు. వాళ్లు ఎక్కించకపోవడానికి బద్ధకం కారణమని హెడ్డాఫీసు అనుకుంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, కారణం అది కాదు.

పనిచేసే మార్గం నాకు తెలిసి ఒక్కటే. ఒకసారి రాస్తే మిగతావన్నీ దాని నుంచే రావాలి, రాసిన మనిషికి ఆ రాత్రే ఏదో ఒకటి తిరిగి దక్కాలి. పోర్ కార్డు ముగియగానే డీపీఆర్‌లో ఆ వరస తనంతట తాను పడాలి, కాంక్రీట్ రిజిస్టరులో ఎక్కాలి, పెట్టీ కాంట్రాక్టరు కొలతలోకి వెళ్లాలి. క్యూబుల సంగతే తీసుకోండి. కాంక్రీట్ పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటుకు 4 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు 3 క్యూబులు, అంటే 28 రోజుల పరీక్షకే 12. ఏడో రోజుకు విడిగా తీసేవి అదనం. 46 క్యూబిక్ మీటర్లు అని ఎక్కించగానే ఎన్ని క్యూబులు తీయాలో చెప్పి, పరీక్ష రోజు పొద్దున ల్యాబ్ కుర్రాడి ఫోనుకు గుర్తు చేస్తే ఆ ఇంజనీరు నెత్తి మీద ఒక బరువు దిగినట్టే. ఒక సైటులో మేం మొదటి నెలంతా పోర్ కార్డు, క్యూబులు తప్ప ఇంకేమీ పెట్టలేదు. రెండో నెలలో వాళ్లే వచ్చి ఇండెంట్ కూడా ఇందులో పెట్టొచ్చా అని అడిగారు.

అదే సంస్థలో ఇంకో సైటులో పద్నాలుగు మాడ్యూళ్లు ఒకేసారి తెరిచాం. అది నా నిర్ణయమే. దీపావళి దాటేసరికి అక్కడ ఎక్కుతున్నది హాజరు ఒక్కటే.

పాత రిజిస్టర్లు ఎప్పుడు మూసేయాలి?

తేదీ ముందే ప్రకటించి, ఆ రోజున నిజంగానే మూసేయండి. కొన్నాళ్లు రెండూ నడుపుదాం అన్న మాట వినడానికి జాగ్రత్తగా ఉంటుంది. రెండు వారాలైతే సరే. మూడో నెలలోనూ రెండూ నడుస్తుంటే కొత్తది ఓడిపోయిందని లెక్క. ఎందుకంటే రెండు అంకెలు తేడా వచ్చిన ప్రతిసారీ పెద్దవాళ్లు పుస్తకాన్నే నమ్ముతారు.

మూయకూడనివీ ఉన్నాయి. ప్రభుత్వ పనుల్లో ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) శాఖది, అది మన చేతుల్లో లేదు. కంప్యూటర్‌లో తీసిన కొలతల పుస్తకాన్ని ఒప్పుకునే శాఖలు ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. ఆ పనికి ఏ నియమం వర్తిస్తుందో ఇంజనీరింగ్ శాఖను అడిగి కాగితం మీద తీసుకోండి. కార్మిక చట్టాల కింద ఉంచాల్సిన రిజిస్టర్ల విషయంలోనూ మీ కంప్లయన్స్ వాళ్లు సంతకం పెట్టి చెప్పేదాకా చెయ్యి వేయొద్దు.

మేస్త్రీలకు ఇంగ్లిష్ రాదు, చాలామంది కూలీలు ఒడిశా, బిహార్, జార్ఖండ్ వాళ్లు. వాళ్లకు ఎలా?

మేస్త్రీ చేత టైపు చేయించొద్దు. ఆయన సమయం విలువ మీకు తెలుసు. ఆయనకు అక్కరకొచ్చేది చూపించండి: ఈ వారం తన ముఠా నుంచి ఎంతమంది వచ్చారు, ఎన్ని చదరపు మీటర్ల షట్టరింగ్ లెక్కకు వచ్చింది. అది తెలుగులోనో హిందీలోనో, పెద్ద అంకెల్లో, ఆయన ఫోనులోనే కనిపించాలి. హాజరు లెక్క మీద శనివారం సాయంత్రం జరిగే వాదనలు ఎన్నో చూశాను. ఒకచోట రోజువారీ లెక్క ఆ రాత్రికే మేస్త్రీ ఫోనుకు వెళ్లేలా చేశాక, తప్పు పడితే మర్నాడు పొద్దున్నే వచ్చి చెప్పేవారు. సరిదిద్దడానికి రెండు నిమిషాలు పట్టేది. కూలివాడి కష్టం లెక్కలో పోకుండా ఉండటం కంటే ఈ సాఫ్ట్‌వేర్ చేయగల మంచి పని నాకు కనిపించలేదు.

ప్రాజెక్టు మేనేజర్లే వద్దంటున్నారు. ఎందుకు?

వాళ్ల భయానికి ఆధారం ఉంది. ఇన్నాళ్లూ నెలాఖరు రివ్యూకు వెళ్లే పురోగతి శాతం ఒక అంచనా. సెంట్రింగ్ అయిపోయి స్టీల్ సగం కట్టిన స్లాబును ఒకరు 80 అంటారు, ఒకరు 50 అంటారు. కొత్త పద్ధతిలో ఏ దశకు ఎంత అని ముందే గీత గీస్తాం, ఉదాహరణకు షట్టరింగ్‌కు 30, స్టీల్‌కు 40, కాంక్రీటుకు 30. దాంతో ఆ స్లాబు 50 అవుతుంది, ఇక వాదన ఉండదు. అంచనాలో కొంచెం ఉదారంగా ఉన్న ప్రతి సైటులోనూ మొదటి నెల శాతం పడిపోతుంది. పని తగ్గలేదు, కొలత మారింది.

ఆ మొదటి రివ్యూలో ఎండీ గారు ఎలా స్పందిస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నేను కూర్చున్న ఒక సమావేశంలో, తగ్గిన అంకె నిజాయితీగా చూపించిన మేనేజరును అందరి ముందూ నిలబెట్టి అడిగారు. పక్క సైటు మేనేజరు ల్యాప్‌టాప్ మూసేశారు. మరుసటి నెల నుంచి అన్ని సైట్ల అంకెలూ ముచ్చటగా, ప్లానుకు ఒకటి రెండు శాతం అటూ ఇటూగా వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు కానీ ఆ డేటాతో ఇక ఉపయోగం లేదని అక్కడున్న ప్లానింగ్ వాళ్లందరికీ తెలుసు.

కాబట్టి ప్రారంభానికి ముందే పై అధికారులతో ఒక ఒప్పందానికి రండి: మొదటి మూడు నెలల అంకెల మీద ఎవరినీ సంజాయిషీ అడగకూడదు, వాటిని బోనస్‌కు, బదిలీలకు ముడిపెట్టకూడదు. ఆ మాటను ఎండీ గారే స్వయంగా ప్రాజెక్టు మేనేజర్లకు చెప్పాలి. సర్క్యులర్ చాలదు.

మొదట ఏ సైటులో పెట్టాలి?

హెడ్డాఫీసుకు దగ్గరగా ఉన్న సైటును ఎంచుకోవాలని అనిపిస్తుంది. మీరు రోజూ వెళ్లి చేయి పట్టి నడిపిస్తారు కాబట్టి అక్కడ ఏదైనా నడుస్తుంది. ఆ గెలుపు ఎక్కడో ఒడిశాలో రాయగడ దగ్గరి సైటుకు పనికిరాదు. ఫౌండేషన్ పని నడుస్తున్న, ఇంకా రెండేళ్లు ఉండే, మధ్యరకం సైటు మేలు. ఫినిషింగ్ దశలో ఉన్న పనికి పెట్టకండి. అక్కడి వాళ్లు తర్వాతి పోస్టింగ్ గురించి ఆలోచిస్తుంటారు. నడుస్తున్న ప్రాజెక్టు పాత చరిత్రంతా ఎక్కించే ప్రయత్నమూ వద్దు. ఒక తేదీ నాటికి నిల్వలు, మిగిలిన క్వాంటిటీలు ఎక్కించి ముందుకు సాగండి.

మెటీరియల్ కోడ్ల పని అంత పెద్దదా?

నేను వేసుకున్న ప్రతి అంచనా కంటే పెద్దదిగానే తేలింది. ఒక సంస్థ మాస్టర్‌లో (సరుకుల పేర్లు, కోడ్ల పట్టికలో) 20 ఎంఎం కంకరకు మూడు కోడ్లు దొరికాయి: ఒకరు మెటల్ అని, ఒకరు కంకర అని, ఒకరు అగ్రిగేట్ అని చేర్చారు. స్టాకు మూడుచోట్ల చీలి, ఒకచోట మైనస్‌లో ఉంది. ఇసుక కాటా దగ్గర టన్నుల్లో వస్తుంది, బీఓక్యూ (ఒప్పందంలోని పనుల పరిమాణాల పట్టిక) లెక్క క్యూబిక్ మీటర్లలో ఉంటుంది. తడి ఇసుక ఉబ్బుతుంది కాబట్టి టన్నుకు ఎన్ని క్యూబిక్ మీటర్లో ఎండాకాలం, వానాకాలం ఒకేలా రాదు. ఏ గుణకం వాడాలో స్టోర్, క్యూసీ (నాణ్యత తనిఖీ), బిల్లింగ్ ముగ్గురూ కూర్చుని తేల్చాలి. పాతికేళ్లుగా స్టోర్‌లో ఉన్న మనిషిని ఆ కమిటీలో తప్పకుండా వేసుకోండి.

ఖర్చు ఎంత అవుతుంది?

లైసెన్సు ఎలా లెక్కగడతారో ముందు అడగండి. కొందరు మనిషికి ఇంత అంటారు, కొందరు ఏడాదికి మీరు చేసే పని విలువను బట్టి అంటారు. మనిషికి లెక్కగట్టే పద్ధతిలో సంస్థలు లాగిన్లు మిగిల్చాలని చూస్తాయి, నలుగురు ఒకే పాస్‌వర్డ్ వాడతారు, చివరికి స్లాబు చెక్ చేసింది ఎవరో తెలియదు. లైసెన్సు కాక, సైటుకు ఒక మనిషిని కనీసం మూడు నెలలు పూర్తిగా ఈ పనికే కేటాయించే ఖర్చు బడ్జెట్‌లో ఉండాలి. కోతల్లో మొదట పోయేది అదే. ఆ మనిషి లేకుండా నిలబడిన సైటు నాకు తెలిసి లేదు.

చట్టపరంగా చూసుకోవాల్సినవి?

ఖాతాలకు కలిపే భాగం ఉంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలిపే ఎడిట్ లాగ్ ఉండితీరాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. కూలీల ఆధార్ కాపీలు, వేలిముద్రలు తీసుకుంటుంటే 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నీ దృష్టిలో పెట్టుకోండి. అవసరం లేనిది సేకరించొద్దు.

ఒప్పందం ముగిస్తే మా డేటా సంగతి?

సంతకం పెట్టడానికి ముందే ఒక పరీక్ష చేయండి. డెమో ప్రాజెక్టులో పది పోర్ కార్డులు, యాభై ఫొటోలు, ఒక ఆర్‌ఏ బిల్లు ఎక్కించి, మొత్తం బయటికి తీసి ఇవ్వమనండి. ఆ ఫైళ్లను లాగిన్ లేని వేరే కంప్యూటర్‌లో తెరవండి. ఫొటో మీద తేదీ, స్థలం ఉన్నాయా? సంతకం చేసినవారి పేరు పోర్ కార్డుతో పాటే వచ్చిందా? ఫొటోలన్నీ ఒకే ఫోల్డరులో అర్థంకాని నంబర్లతో పడి ఉంటే, ఏ ఫొటో ఏ కాలమ్‌దో రేపు మీకూ తెలియదు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పని అప్పగించాక లోపాలను మనమే సరిచేయాల్సిన కాలం) ముగిసేదాకా, క్లెయిములు తేలేదాకా ఈ రికార్డు అక్కరకొస్తూనే ఉంటుంది. కాబట్టి ఎన్నేళ్లపాటు, ఏ ఫార్మాట్‌లో, ఎంత ఖర్చుతో తిరిగి ఇస్తారో ఒప్పందంలోనే రాయించుకోండి. నోటిమాటగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు.